మేకుల టైర్లు

శనివారం సాయంత్రం తలుపు తీసి, భర్త జనార్దన్ చేతిలోంచి హెల్మెట్ అందుకుంటుంటే ఉజ్వలకు అతని వేళ్లు తగిలాయి. చల్లగా ఉన్నాయి. అప్పుడే ఫ్రిజ్‌లోంచి తీసిన పాల ప్యాకెట్టులా ఉన్నాయి. సింగపూర్ తూర్పు కొసన పాసిర్ రిస్‌లో ఆ రోజు ఎండ మామూలుగా లేదు. కిటికీ బయట వెదురు కర్ర మీద ఆరేసిన బట్టలు చూస్తుండగానే అప్పడాల్లా అయిపోయాయి. అంత ఎండలో చాలాసేపు సైకిల్ తొక్కి వచ్చానంటున్న మనిషికి చొక్కా తడవలేదు, మెడ మీద ఒక్క చెమట చుక్క లేదు.

"ఎంతవరకు వెళ్లారు?" అంది.

"చాంగీ బీచ్ దాకా."

"చెమటే పట్టినట్టు లేదు?"

"గాలి బాగా ఉందిలే," అని జనార్దన్ స్నానానికి వెళ్లిపోయాడు.

సింగపూర్‌లో గాలి! పదకొండేళ్లుగా ఈ ఊళ్లో ఉంటున్న ఆడదానితో అనవలసిన మాటేనా అది? ఇక్కడి గాలి ఇడ్లీ పాత్ర మూత తీసినప్పుడు మొహానికి కొట్టే ఆవిరిలా ఉంటుంది గానీ చెమట ఆరబెట్టడం దాని వల్ల అవుతుందా? ఉజ్వల హెల్మెట్ లోపల చెయ్యి పెట్టి చూసింది. పొడిగా ఉంది.

తనకు అనుమానం అనే గుణం లేనే లేదని ఉజ్వల నమ్మకం. ఎవరైనా అడిగితే ఒట్టేసి మరీ చెబుతుంది. కానీ ఆ సాయంత్రం అతని చొక్కా వాషింగ్ మెషీన్‌లో వేస్తూ, ఎందుకైనా మంచిదని ఒకసారి ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. చేపల వాసన గుప్పుమంది.

వాళ్లింట్లో కోడిగుడ్డు కూడా ఉడకదు. ముందు ఆమెకు తోచింది, ఈయన తిండి కొట్లుండే ఏ హాకర్ సెంటర్‌లోనో కూర్చుని చాటుగా చేపలు తింటున్నాడని. అదే నిజమైతే బాగుండునని కూడా అనిపించింది. ఆ పాపాన్ని నాలుగు చీవాట్లతో సరిపెట్టుకోవచ్చు. అయితే తిన్నవాడికి నోరు కదా వాసన వెయ్యాలి, భుజాలు ఎందుకు వేస్తాయి? పైగా ఆ చల్లటి వేళ్లకు చేపల కూరకు సంబంధం ఏమిటి? ఎటు తిప్పినా లెక్క కుదరలేదు.

కుదరని లెక్కను మర్నాడు పొద్దున లిఫ్ట్ దగ్గర తారాదేవి ఆంటీ వచ్చి ఇంకా చిక్కు చేసింది. ఆవిడ పై అంతస్తులో ఉంటుంది. ఆవిడ పెళ్లయి ఈ దేశం వచ్చేనాటికి ఈ బ్లాకుల చోట ఏమీ ఉండేది కాదట. తెలుగులో మొదలుపెట్టి, అరవం మీదుగా మలయ్‌లో తేలుతుంది.

"నిన్న మీ ఆయన చేపల వ్యాన్‌లోంచి దిగాడు కదా, ఎక్కడికి పోయాడమ్మా?" అంది ఆవిడ.

"వ్యాన్‌లోంచా? సైకిల్ మీద కదా ఆంటీ వచ్చింది?"

"సైకిల్ కూడా వ్యాన్ వెనకాల్నించే దించారు. కార్ పార్క్ వెనక. నేను కూరలు తెచ్చుకుంటూ చూశాను. వ్యాన్ మీద ఇంత చేప బొమ్మ. నీకు తెలీదా? అయ్యో, కసియాన్!"

ఆ కసియాన్ అన్న మాట, పాపం అని అర్థం, ఉజ్వలకు రోజంతా గుచ్చుకుంటూనే ఉంది. పాపం అనిపించుకునే స్థితికి వచ్చామా అని కళ్లనీళ్లు తిరిగాయి. కాఫీ ఇస్తూ మాటల్లో మాటగా, "నిన్న తిరిగొచ్చేటప్పుడు దార్లో ఎక్కడైనా ఆగారా?" అని అడిగింది. జనార్దన్ ఫోన్‌లోంచి తల ఎత్తకుండా, "లేదే, తిన్నగా వచ్చేశాను," అన్నాడు. అబద్ధం ఇంత నున్నగా ఆడగలడని ఆమెకు ఇన్నేళ్లలో తెలియదు.

ఆమె భయానికి ఒక వెనకటి కథ ఉంది. రెండేళ్ల కిందట జనార్దన్‌కు కెనడాలో ఉద్యోగం వచ్చింది. చుట్టాలందరికీ చెప్పేసుకున్నారు. అప్పుడు ఉజ్వల అడ్డం తిరిగింది. పదకొండేళ్ల కిందట విజయనగరంలో ఫిజిక్స్ లెక్చరర్ ఉద్యోగం మానేసి అతని వెంట ఇక్కడికి వచ్చింది. వచ్చిన కొత్తలో గోడలు చూస్తూ కూర్చున్న రోజులు ఆమె మరిచిపోలేదు. ఎన్నో చోట్ల కాదనిపించుకుని, మళ్లీ చదివి, చివరికి ఒక ప్రీస్కూల్లో టీచర్ అయింది. ఇప్పుడు పొద్దున్నే గేటు దగ్గర చిన్నపిల్లలు ఉజ్వలా టీచర్ అంటూ కాళ్లకు చుట్టుకుంటారు. దాన్ని వదిలి మళ్లీ గోడల దగ్గరికా? ఆ కోపంలో, "ఇంకో దేశం నా వల్ల కాదు. వెళ్తే మీరొక్కరే వెళ్లండి," అనేసింది.  జనార్దన్ కెనడా వాళ్లకు రానని చెప్పేసి, ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు.

ఎత్తకపోవడమే ఆమెను తొలుస్తూ వచ్చింది. ఆ మాటను అతను మరిచిపోయాడా, మనసులో పెట్టుకున్నాడా? ఒక్కరే వెళ్లండి అన్న మాటను ఎప్పుడో ఒకప్పుడు నిజం చేసి చూపిస్తాడా? వేరే ఆడదాని భయం కాదు ఆమెది. ఆవిడగారు ఎవరైనా ఉండి ఉంటే చేపల వ్యాన్‌లో తిప్పదు కదా. తనను, కూతురు నందితను వదిలి మనిషి ఎక్కడికో జారుకుంటున్నాడన్నదే ఆమె దిగులు.

బుధవారం స్కూల్‌కు సెలవు. బియ్యం బస్తా కోసం బాంబ్ షెల్టర్ తలుపు తీసింది. గవర్నమెంటువాళ్లు యుద్ధం వస్తే దాక్కోమని ప్రతి ఫ్లాట్‌లో కట్టిన ఆ ఇరుకు గదిలో, అందరిలాగే వాళ్లూ చీపుళ్లు, సూట్‌కేసులు, బియ్యం దాచుకుంటారు. బస్తా వెనక గోడకు ఆనించి ఒక నల్ల సంచి ఉంది. విప్పి చూస్తే సైకిల్ టైర్లు రెండు. చెయ్యి పెట్టగానే చురుక్కుమంది. టైర్ల నిండా చిన్న చిన్న ఇనుప మేకులు, మొనలు బయటికి పెట్టుకుని వరుసగా దిగ్గొట్టి ఉన్నాయి. వాటి అడుగున ఒక మంకీ క్యాప్. ఉన్నిది, దళసరిది, కళ్లకు మాత్రమే కంతలున్నది.

ఆమె ఆ టోపీని అటూ ఇటూ తిప్పి చూసింది. సింగపూర్‌లో ఉన్ని టోపీతో ఎవరికీ పని ఉండదు. చలిదేశానికి వెళ్లేవాడు కొనుక్కుంటాడు. సంచి తలకిందులు చేసి దులిపింది. ఇంకో టోపీ లేదు. ఒక్కటే ఉంది.

"నందూ, ఇవి ఎప్పుడు తెచ్చారు డాడీ?" అని కేకేసింది.

గదిలోంచి నందిత, "డాడీ స్టఫ్ లా, అమ్మా. డోంట్ టచ్ లా. నాకేం తెలుసు?" అంది, ఇక్కడి పిల్లల యాసలో.

తట్టుకోలేక ఆ సంచి పట్టుకుని పై అంతస్తుకు వెళ్లింది. తారాదేవి ఆంటీ కళ్లజోడు సర్దుకుని టైరు చూసింది. చూసి, ఉజ్వల చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"టైర్లకు ఎవరమ్మా మేకులు కొడతారు? ఇది చెయ్యించిన పని. మా చిన్నప్పుడు బొమ్మకు కొట్టేవాళ్లు, ఇప్పుడు సైకిల్‌కు కొడుతున్నారు. మీ ఆయన కాళ్లను ఇల్లు విడిచి ఎటో లాగేస్తున్నారు. నోరెత్తి ఎవరికీ చెప్పకు, ముఖ్యంగా అతనికి. మేకులు పీకి, మూట కట్టి, సముద్రంలో పడెయ్యి."

ఉజ్వల ఎం.ఎస్సీ. ఫిజిక్స్ చదివింది. చేతబడి అంటే నవ్వే మనిషి. ఆ క్షణంలో కూడా సగం నవ్వొచ్చింది. మిగతా సగానికి మాత్రం, ఇంటి నుంచి ఇతణ్ని లాగేస్తున్నది ఏదైనా సరే, పీకి పారేస్తే పోతుందన్న ఆశ పుట్టింది. కిందికి వచ్చి తలుపు గడియ పెట్టి, కటింగ్ ప్లయర్ తీసుకుని కూర్చుంది. అవి తేలిగ్గా రాలేదు. ఒక్కో మేకూ పీకుతూ, ఇక వెళ్లలేడు, ఇక వెళ్లలేడు అనుకుంది. ఒక టైరు మీద ఒక పక్క కాస్త మేర ఖాళీ అయ్యేసరికి అరచెయ్యి బొబ్బలెక్కింది. నందిత అన్నానికి పిలిచింది. పీకిన మేకులను రుమాలులో మూట కట్టి హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకుని, టైర్లు ఎక్కడివి అక్కడ పెట్టేసింది. సముద్రంలో పారెయ్యడానికి బీచ్ దాకా వెళ్లింది గానీ, చెత్త వేస్తే జరిమానా అన్న బోర్డు చూసి వెనక్కి వచ్చింది.

శనివారం మధ్యాహ్నం జనార్దన్ సైకిల్ తీసుకుని, నల్ల సంచి భుజాన వేసుకుని బయల్దేరాడు. "చాంగీ దాకా," అన్నాడు, అడక్కుండానే. నందితను ట్యూషన్‌కు పంపి ఉజ్వల కూడా దిగింది. కార్ పార్క్ మూల స్తంభం చాటు నుంచి చూస్తే, చేప బొమ్మ వ్యాన్ వచ్చింది. సైకిల్‌తో సహా ఎక్కాడు. ఆమె పరుగున రోడ్డు మీదికి వచ్చి టాక్సీ ఆపి, ఆ వ్యాన్ వెనకాలే పోనిమ్మంది. సిగ్గుతో మొహం కందిపోయింది. ముసలి టాక్సీ అంకుల్ అద్దంలోంచి చూసి, "హస్బెండ్ ఆ?" అని నవ్వాడు. ఆమె కిటికీ వైపు తిరిగింది.

వ్యాన్ ఎంతో దూరం పోలేదు. లోయాంగ్‌లో గోడౌన్ల మధ్య ఒక తెల్లటి షెడ్డు ముందు ఆగింది. టాక్సీని దూరంగానే ఆపి దిగింది. సెలవు పూట కావడంతో లారీలు లేవు, మనుషులు లేరు. వెళ్లాలా వద్దా అని ఆ ఎండలో అటూ ఇటూ తచ్చాడింది. అంతలో లోపల ఏదో ధబ్బున పడిన చప్పుడు, ఆ వెంటనే ఎవరిదో కేక వినిపించాయి. ఇక ఆగలేదు. ప్లాస్టిక్ తెరలు తోసుకుని లోపలికి నడిచింది. చేపల వాసన, దానితో పాటు ఎముకలు కొరికే చలి ఆమెను చుట్టుకున్నాయి.

ఎదురుగా మందులపెట్టె పట్టుకుని పరుగున వస్తున్నది బాలు. జనార్దన్‌కు వరసకు తమ్ముడు, శ్రీకాకుళం వాడు. ఏదో గోడౌన్‌లో సూపర్‌వైజర్ అని తెలుసు గానీ, అది చేపల కోల్డ్ స్టోరేజ్ అని ఉజ్వల ఎప్పుడూ అడగలేదు.

"వదినా! నువ్వేటి ఇక్కడ?" అని బాలు గుడ్లు తేలేశాడు. "కంగారు పడకు. అన్న పడిపోనాడు. ఎముకలేటీ ఇరగనేదు."

తన లావుపాటి కోటు విప్పి ఆమె భుజాల మీద కప్పి, ఒక పెద్ద తలుపు లాగాడు. రిపేరు కోసం ఖాళీ చేసిన గది అది. నేలంతా గాజులా మంచు పేరుకుని ఉంది. మధ్యలో సైకిల్ పడి ఉంది. తలకిందులు చేసిన చేపల బుట్ట మీద జనార్దన్ కూర్చుని ఉన్నాడు. మంకీ క్యాప్ నుదుటి మీదికి మడుచుకుని ఉంది. ప్యాంటు మోకాలి దగ్గర చిరిగి, రక్తం కారుతోంది. ముందు చక్రం ఊడదీసి ఒళ్లో పెట్టుకుని, తల వంచుకుని టైరును తడుముతున్నాడు.

"వీటంతట ఇవి ఊడినవి కావు బాలూ," అంటున్నాడు. "ఎవరో కావాలని పీకారు. సరిగ్గా అక్కడే జారింది. మీవాళ్లలో ఎవరికైనా నా మీద..."

"మావోళ్లకేటి పని అన్నా? ముందు తలెత్తి చూడు, ఎవులొచ్చినారో."

జనార్దన్ తలెత్తాడు. ఉజ్వలను చూసి, రక్తం కారుతున్న మోకాలిని చేత్తో కప్పుకోబోయాడు. ఆమె ఆ మోకాలిని చూసింది. ఆ రక్తం తన చేతులతో చేసిన పని.  హ్యాండ్‌బ్యాగ్ తెరిచి, రుమాలు మూట తీసి అతని ఒళ్లో పెట్టింది.

"నేనే పీకాను."

అతను మూట విప్పి మేకులను చూశాడు. "ఎందుకు?"

"చేతబడి అన్నారు తారాదేవి ఆంటీ."

"ఎం.ఎస్సీ. ఫిజిక్స్," అన్నాడు జనార్దన్ నీరసంగా. బాలు మొహం పక్కకు తిప్పుకున్నాడు.

దాంతో ఉజ్వలకు దుఃఖం, కోపం కలిసి పొంగుకొచ్చాయి. "నవ్వండి! మీరేం చేస్తున్నారో చెప్పకపోతే నేనేం అనుకోవాలి? చల్లటి చేతులు, చేపల వాసన, అబద్ధాలు! నన్నూ పిల్లనూ వదిలేసి ఒక్కరే వెళ్లిపోతున్నారు కదా? టోపీ కూడా ఒక్కటే కొనుక్కున్నారు."

జనార్దన్ మేకులను మళ్లీ రుమాలులో మూట కట్టాడు. తర్వాత నెమ్మదిగా చెప్పాడు. వన్-నార్త్ రీసెర్చ్ పార్క్‌లో అతను పనిచేసే ల్యాబ్ మూసేస్తున్నారు. ఉద్యోగం కావాలంటే ఫిన్లాండ్‌లో, ఉత్తరాన ఉన్న ల్యాబ్‌కు రమ్మన్నారు. అక్కడ ఏడాదిలో సగం మంచే. లేదంటే ఉద్యోగం పోతుంది, దానితో పాటు అతను ఇక్కడ ఉండే పాస్ కూడా పోతుంది.

"ఇదంతా నాకు ఎప్పుడు చెబుదామని? విమానం ఎక్కాకా?"

"ఖాయమయ్యాక. కెనడా అప్పుడు ముందే అందరికీ చెప్పుకున్నాం, దిష్టి తగిలిందని అమ్మ ఇప్పటికీ అంటుంది. ఈసారి పని అయ్యేదాకా ఎవరికీ చెప్పకూడదని..."

"ఆ ఎవరికీ అన్నదాంట్లో నేనూ ఉన్నానా?" అంది ఉజ్వల.

అతను మళ్లీ టైరు తడమసాగాడు. బాలు వచ్చి అతని మోకాలికి దూది అద్దుతూ, "ఇంటి సంగతి సెప్పన్నా. అసలుది అదే కదా," అన్నాడు.

"ఒక్కడినే వస్తానంటే ల్యాబ్ ఆవరణలోనే గది ఇస్తారట," అన్నాడు జనార్దన్. "తలుపు తీస్తే ఆఫీసు. ఫ్యామిలీతో వస్తే ఇల్లు ఊరి అవతల, నది దాటాక. ఆ పక్కకు బస్సు ఎప్పుడో గానీ రాదు. అక్కడ అందరూ మంచులోనే, గడ్డ కట్టిన దారి మీదే, రోజూ సైకిల్ మీద పనికి పోతారు. ఈ మేకులు మంచులో దిగి పట్టుకుంటాయి, జారకుండా. నేను పుట్టి బుద్ధెరిగి మంచు చూడలేదు. తొక్కగలనో లేదో తెలియాలి కదా. బాలు ఈ నేల మీద నీళ్లు పోసి గడ్డ కట్టించాడు."

ఉజ్వల మొహంలో కోపం ఎక్కడికక్కడ ఆగిపోయింది. "ఒక్కరే వెళ్లేట్టయితే..."

"ఒక్కడినే అయితే ఈ టైర్లు ఎందుకు? చెప్పులేసుకుని పోవచ్చు ఆఫీసుకి."

 ఇక వెళ్లలేడు అనుకుంటూ తను పీకిన మేకులు అతను తమ కోసం కొన్నవి. తమను వెంట తీసుకెళ్లాలన్న ఒకే ఒక్క కారణానికి ఈ మనిషి శనివారం పూట చేపల కంపులో పడుతూ లేస్తూ ఉన్నాడు. ఆ సంగతి తెలిసి తన మీద తనకే అసహ్యం వేసింది.

"ముందు నన్ను అడిగితే సరిపోయేది కదా?"

"భయం. ఒక్కరే వెళ్లండి అన్నావు ఆ రోజు."

"కోపంలో అన్నాను."

"కోపంలోనే అన్నావనుకున్నాను. కానీ ఆ మాట నువ్వు వెనక్కి తీసుకోలేదు. నిజంగానే అన్నావేమోనని రెండేళ్లుగా నాకూ అనుమానమే. తొక్కడం రాకపోతే ఇక అడిగే పనే ఉండదు కదా అని..."

"మీరు మళ్లీ అడగనూ లేదు," అంది ఆమె.  ఇద్దరి నోళ్లలోంచీ ఆవిరి వస్తోంది. బాలు మందులపెట్టె పట్టుకుని, ఏదో పని ఉన్నట్టు బయటికి వెళ్లిపోయాడు.

"వాళ్లకు ఏం చెప్పారు?"

"ఇంకా ఏమీ చెప్పలేదు. ఒక్కడినా, ఫ్యామిలీనా, సోమవారంలోగా తేల్చమన్నారు. నువ్వు ఒక్కణ్ని పొమ్మంటే పోతాను ఉజ్వలా. నీ స్కూల్ పాస్ మీద నువ్వూ నందూ ఇక్కడే ఉండొచ్చు. డబ్బు పంపిస్తాను. నీ స్కూలు, నీ పిల్లలు..."

ఉజ్వల కళ్ల ముందు గేటు దగ్గరి పిల్లలు మెదిలారు. తెలియని భాష, తెలియని గోడలు, మళ్లీ అక్షరాల నుంచి మొదలు. భయం వేసింది, ఏడుపు వచ్చింది, రెండూ దాచుకోలేదు. కళ్లు తుడుచుకుంటే చెంపల మీద తడి అప్పుడే చురుక్కుమంటోంది.

"అక్కడ నాకేం పని దొరుకుతుందో తెలియదు. మళ్లీ గోడలు చూస్తూ కూర్చుంటే మాత్రం మిమ్మల్ని బతకనివ్వను, ముందే చెబుతున్నాను," అంది. "ఫోన్ తియ్యండి. ముగ్గురం వస్తున్నామని పంపండి. ఇప్పుడే. నా కళ్ల ముందే."

"ఇంటికెళ్లి పంపిస్తానులే."

"ఇక్కడే."

జనార్దన్ గ్లవ్ లాగి ఫోన్ తీశాడు. వేళ్లు కొయ్యబారిపోయి ఉన్నాయి. ఎంత నొక్కినా ఫోన్ అతని వేలిని గుర్తుపట్టలేదు. తిట్టుకుంటూ ఇంకో వేలు ప్రయత్నించాడు, అదీ అంతే. ఉజ్వల ఆ ఫోన్ తీసుకుని పక్కన పెట్టింది. మంచు మీద మోకాళ్లు ఆనించి, అతని రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంది. వారం కిందట ఆ వేళ్ల చలి తగిలి హడలిపోయిందే గానీ ఒక్క క్షణమైనా పట్టుకుని ఉంచలేదు. నోటితో ఆవిరి ఊదింది. బొబ్బలెక్కిన అరచేత్తో రుద్దింది. నొప్పి పుట్టినా ఆపలేదు. కాసేపటికి వేళ్లలోకి రంగు వచ్చింది.

అతను మెల్లగా టైపు చేశాడు. ఆమె భుజం మీదుగా వంగి ప్రతి అక్షరం చదివింది. ముగ్గురు అన్న చోట ఇంకోసారి చదివింది. అతను నొక్కాడు.

"వెళ్లిందా?"

"వెళ్లింది."

"ఏదీ, చూపించండి," అంది ఉజ్వల.